కొత్తగా పాడితే ఆనందం, పాతదాన్నే మారిస్తే కోపం: క్లాసిక్ రాక్ అభిమానుల వాదన వెనక ఏముంది?

2002లో రాక్ గాయకుడు ఆజీ ఆస్బోర్న్ మొదటి రెండు సోలో ఆల్బమ్‌లు 'బ్లిజర్డ్ ఆఫ్ ఆజ్', 'డైరీ ఆఫ్ ఎ మ్యాడ్‌మన్' మళ్లీ సీడీలుగా వచ్చాయి. పేరు అదే, పాటలు అవే, ఆజీ గొంతు అదే, రాండీ రోడ్స్ గిటార్ అదే. కానీ 1980ల మొదట్లో ఆ రికార్డులను అరిగిపోయేదాకా విన్నవాళ్లు కొత్త సీడీ పెట్టుకోగానే తేడా పట్టేశారు. బేస్ వాయించింది బాబ్ డైస్లీ కాదు. డ్రమ్స్ లీ కెర్స్‌లేక్‌వి కావు. రాయల్టీల మీద ఆ ఇద్దరితో కోర్టు వివాదం నడుస్తున్న రోజులవి. వాళ్లు వాయించిన భాగాలను తీసేసి, రాబర్ట్ ట్రుహీయో, మైక్ బోర్డిన్‌లతో కొత్తగా వాయించి అతికించారు. అభిమానుల నిరసన ఏళ్ల తరబడి చల్లారలేదు. 2011లో అసలు బేస్, అసలు డ్రమ్స్‌తో ఆ ఆల్బమ్‌లు తిరిగి వచ్చాయి.

ఇదే శ్రోతలకు గిటారిస్టు జిమి హెండ్రిక్స్ 1968లో బాబ్ డిలన్ పాట ఒకదాన్ని తీసుకుని గుర్తుపట్టలేనంతగా మార్చేయడం మాత్రం ఎప్పటికీ పండగే. పైకి ఇది రెండు నాల్కల ధోరణిలా కనిపిస్తుంది. మొత్తం పాటనే కొత్తగా కడితే చప్పట్లు, రెండు వాద్యాలు మారిస్తే గొడవ. అయితే కవర్ల (ఒకరి పాటను మరొకరు తమ పద్ధతిలో రికార్డు చేయడం) గురించి, రీఇష్యూల (పాత రికార్డును మళ్లీ విడుదల చేయడం) గురించి క్లాసిక్ రాక్ అభిమానులు దశాబ్దాలుగా చేస్తున్న వాదనలను ఒకచోట పెట్టి చూస్తే వాటి వెనక గట్టి తర్కమే ఉంది. కవర్ ఎంత వికృతంగా వచ్చినా పాత రికార్డు ఎక్కడికీ పోదు, కావాలంటే వెళ్లి అదే వినొచ్చు. రీఇష్యూ అలా కాదు. అది పాత రికార్డు పేరు పెట్టుకుని, పాత అట్ట వేసుకుని వచ్చి, దుకాణంలో దాని చోటులో కూర్చుంటుంది. కొన్నేళ్లు గడిస్తే కొత్తగా వినేవాళ్లకు అదే అసలైనది అయిపోతుంది.

చట్టం దృష్టిలో కూడా ఒక పాటకు రెండు ఆస్తులుంటాయి. సాహిత్యం, బాణీ కలిసి ఒకటి. వాటిని ఎవరో పాడి వాయించగా టేపు మీద నిలిచిన శబ్దం రెండోది. కవర్ చేసేవాళ్లు మొదటిదాన్ని తీసుకుని రెండోదాన్ని వదిలేస్తారు. రీఇష్యూ వేసే కంపెనీ చేతిలో ఉండేది రెండోది.

అమెరికాలో కవర్లు ఇంత విరివిగా రావడానికి 1909 నాటి కాపీరైట్ చట్టం ఒక ముఖ్య కారణం. అప్పట్లో రంధ్రాలు పొడిచిన కాగితపు చుట్టలతో దానంతటదే మోగే పియానోలు పెద్ద వ్యాపారం. ఏయోలియన్ అనే కంపెనీ మ్యూజిక్ పబ్లిషర్లతో ముందుగానే ఒప్పందాలు కుదుర్చుకుని ఆ వ్యాపారమంతా గుప్పిట్లో పెట్టుకుంటుందన్న భయం పుట్టింది. దానికి విరుగుడుగా అమెరికా కాంగ్రెస్ ఒక దారి తెరిచింది. హక్కుదారు ఒక పాటను ఒకసారి రికార్డుగా రానిచ్చాక, నిర్ణీత రుసుము కట్టి మరెవరైనా దాన్ని రికార్డు చేసుకోవచ్చు. కాదనే అవకాశం రచయితకు లేదు. అప్పటి రుసుము కాపీకి 2 సెంట్లు, 2023లో అది 12 సెంట్లు. తమ శైలికి సరిపోయేలా వాద్యాలూ నడకా మార్చుకోవచ్చు గానీ మూల బాణీని, పాట స్వభావాన్ని మార్చకూడదు. ఈ షరతు 1976 చట్టంలో రాతపూర్వకంగా చేరింది. పియానో చుట్టల కోసం పుట్టిన ఈ నిబంధన అరవై ఏళ్ల తర్వాత రాక్ సంగీతానికి ఎంత మేలు చేసిందో చెప్పడానికి ఒక్క పాట చాలు.

డిలన్ 'ఆల్ అలాంగ్ ది వాచ్‌టవర్'ను 1967 నవంబరులో నాష్‌విల్‌లో రికార్డు చేశాడు. ఆ డిసెంబరు చివర్లో 'జాన్ వెస్లీ హార్డింగ్' ఆల్బమ్‌లో అది బయటికి వచ్చింది. అకౌస్టిక్ గిటార్, హార్మోనికా, బేస్, డ్రమ్స్, అంతే. నిడివి రెండున్నర నిమిషాలు. మూడే కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు), మొదటి నుంచి చివరి దాకా అదే వరుసలో తిరుగుతుంటాయి. పాట ఎక్కడా గొంతు పెంచదు. ఏదో జరగబోతోందన్న భయం మాటల్లో ఉంటుంది, సంగీతం మాత్రం దాన్ని దాచిపెడుతుంది. ఆ దాచిపెట్టడంలోనే డిలన్ రికార్డు బలమంతా ఉంది.

హెండ్రిక్స్ నెల తిరక్కుండానే, 1968 జనవరిలో, లండన్‌లోని ఒలింపిక్ స్టూడియోలో ఆ పాట మొదలుపెట్టాడు. ట్రాఫిక్ బ్యాండుకు చెందిన డేవ్ మేసన్ 12 తీగల గిటార్ అందుకున్నాడు. బేస్ వాయించాల్సిన నోయెల్ రెడింగ్ మధ్యలో విసుగెత్తి వెళ్లిపోతే చివరికి ఆ బేస్ కూడా హెండ్రిక్సే వాయించాడు. తర్వాత టేపులను న్యూయార్క్‌లోని రికార్డ్ ప్లాంట్ స్టూడియోకు తీసుకెళ్లి, గిటార్ల మీద గిటార్లు చేరుస్తూ పోయాడు. మధ్యలో వచ్చే పొడవాటి సోలోను శ్రద్ధగా వింటే అందులో నాలుగు అంచెలు వినిపిస్తాయి. ముందు మామూలు గిటార్, తర్వాత తీగల మీద జారుతూ సాగే స్లయిడ్, ఆ తర్వాత వా-వా పెడల్ పలికించే మాటల్లాంటి శబ్దం, చివరికి కార్డులతో కొట్టే దెబ్బలు. ప్రతి అంచె ముందుదాని కంటే ఒక మెట్టు పైన ఉంటుంది. డిలన్ దాచిపెట్టిన భయాన్ని హెండ్రిక్స్ నాలుగు నిమిషాల్లో పూర్తిగా బయటికి లాగాడు. మూడు కార్డుల వరుస అలాగే ఉంది, మాటలు అవే. తర్వాతి చట్టం పెట్టిన షరతుతో కొలిచినా బాణీ చెక్కుచెదరలేదు, అయినా ఇది వేరే పాటలా వినిపిస్తుంది.

ఆ రికార్డు అమెరికా చార్టులో 20వ స్థానానికి, బ్రిటన్‌లో 5వ స్థానానికి వెళ్లింది. అంతకంటే పెద్ద గుర్తింపు రాసినవాడి నుంచే వచ్చింది. 1974లో మళ్లీ కచేరీ యాత్రకు బయల్దేరినప్పటి నుంచి డిలన్ ఆ పాటను హెండ్రిక్స్ పద్ధతికి దగ్గరగా, ఎలక్ట్రిక్ గిటార్ల హోరుతో పాడటం మొదలుపెట్టాడు. కచేరీల్లో ఆయన అన్నిటికంటే ఎక్కువసార్లు పాడిన పాట అదే. ఒక కవర్ సాధించగలిగినదానికి ఇంతకు మించిన ఉదాహరణ రాక్ చరిత్రలో దొరకడం కష్టం.

అభిమానులు తలచుకునే ఇతర గొప్ప కవర్లలోనూ ఇదే లక్షణం ఉంది. బీటిల్స్‌లో రింగో స్టార్ సరదాగా పాడిన 'విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్'ను జో కాకర్ 1968లో నడక తగ్గించి, తాళం మార్చి, చర్చిలో ప్రార్థనలా ఎత్తుకున్నాడు. అది బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. పీటర్ గ్రీన్ రాసి ఫ్లీట్‌వుడ్ మాక్ వాయించిన 'బ్లాక్ మ్యాజిక్ ఉమన్' బ్లూస్ పాట. 1970లో సాంటానా చేతిలో లాటిన్ తాళాలు తొడుక్కుంది, అది సాంటానా పాటే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఎందరో. స్వరం స్వరం అలాగే దించే కవర్లకు కచేరీ హాళ్లలో ఆదరణ ఉంటుంది గానీ రికార్డుగా అవి నిలిచినవి తక్కువ. అసలుది దొరుకుతున్నప్పుడు దాని నకలు ఎవరికి కావాలి?

కవర్ల విషయంలో అభిమానులకు నిజంగా కోపం తెప్పించేది పేరు ఎగ్గొట్టడం. లెడ్ జెప్పెలిన్ 1969 నాటి 'హోల్ లాటా లవ్' మాటల్లో, మడ్డీ వాటర్స్ 1962లో పాడిన 'యు నీడ్ లవ్' ఆనవాళ్లు స్పష్టంగా ఉన్నాయి. ఆ పాట రాసిన విల్లీ డిక్సన్ 1985లో కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. కోర్టు బయట రాజీ కుదిరాకే రచయితల్లో ఆయన పేరు చేరింది. జెప్పెలిన్ వాయింపును ప్రాణంగా ప్రేమించేవాళ్లు కూడా ఈ విషయంలో డిక్సన్ వైపే నిలబడతారు, నిలబడాలి కూడా. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలన్న ఈ నియమాన్నే వాళ్లు రీఇష్యూలకూ వర్తింపజేస్తారు.

రీఇష్యూ గొడవలు అర్థం కావాలంటే ఒక పాత ఎల్పీ ఎలా తయారయ్యేదో కొంత తెలియాలి. స్టూడియోలో గొంతు, గిటార్, డ్రమ్స్ వేర్వేరు ట్రాకుల మీద రికార్డవుతాయి. వాటిని కలిపి, ఏది ఎంత వినిపించాలో తేల్చి, మోనో (ఒకే ధారగా) గానో స్టీరియో (ఎడమ, కుడి రెండు ధారలుగా) గానో ఒక టేపు మీదకు దించడం మిక్సింగ్. ఆ టేపును రికార్డుకు తగ్గట్టు సరిచేసి సిద్ధం చేయడం మాస్టరింగ్. దాని నుంచి లక్క పూసిన పళ్లెం మీద గాడి చెక్కుతారు, ఆ పళ్లెం నుంచి లోహపు అచ్చులు తీస్తారు, అచ్చులతో వినైల్ రికార్డులు నొక్కుతారు. రీమాస్టర్ అంటే పాత ఫొటో మీద దుమ్ము తుడిచి మళ్లీ ప్రింటు తీయడం అనుకోవచ్చు. రీమిక్స్ అంటే ఫొటోలోని మనుషులను ఇంకో వరుసలో నిలబెట్టడం. మార్కెట్‌లో మాత్రం రెండింటి మీదా ఒకేలాంటి మెరిసే స్టిక్కరే ఉంటుంది.

మిక్స్ మారకపోయినా గాడి చెక్కడంలోనే తేడాలొస్తాయి. 1969లో 'లెడ్ జెప్పెలిన్ 2'కు మొదట గాడి చెక్కింది అప్పటికి యువ ఇంజినీరైన బాబ్ లడ్విగ్. బేస్‌ను ఏమాత్రం తగ్గించకుండా, చాలా గట్టిగా చెక్కాడు. అట్లాంటిక్ కంపెనీ అధిపతి అహ్మెత్ ఎర్టెగన్ కూతురి చవక ప్లేయర్ మీద సూది ఎగిరిపోయిందని, అందుకే కంపెనీ శబ్దం తగ్గించి మళ్లీ చెక్కించిందని లడ్విగ్ తర్వాత చెప్పాడు. ఆ మొదటి రికార్డుల మీద, పాట ముగిశాక లేబుల్ చుట్టూ ఉండే ఖాళీ జాగాలో 'ఆర్ఎల్' అనే రెండక్షరాలు చేత్తో గీసి ఉంటాయి. కలెక్టర్లు ఇప్పటికీ దీపం కింద రికార్డు వంచి ఆ అక్షరాల కోసం వెతుకుతారు. బయటివాళ్లకు ఇది పిచ్చిగా తోచవచ్చు. ఆ రికార్డునూ తర్వాతి దాన్నీ పక్కపక్కన పెట్టి విన్నవాళ్లకు అలా తోచదు.

ఇక అసలు గాయాలు సీడీ కాలంలో తగిలాయి. టెక్సస్‌కు చెందిన జీజీ టాప్ 1983లో 'ఎలిమినేటర్'తో పెద్ద హిట్టు కొట్టింది. సింథసైజర్లు, యంత్రంలా మోగే డ్రమ్స్ ఆ ఆల్బమ్ ప్రత్యేకత. 1987లో వాళ్ల పాత ఆల్బమ్‌లను సీడీలుగా వేసేటప్పుడు, 70లలో మట్టివాసనతో తీసిన రికార్డులను కూడా ఆ కొత్త శబ్దానికి దగ్గర చేయాలని రీమిక్స్ చేశారు. ఫ్రాంక్ బియర్డ్ డ్రమ్స్ మీద డిజిటల్ శబ్దం, దాని మీద ప్రతిధ్వని. 1973 నాటి 'ట్రేస్ ఓంబ్రెస్' 1987లో తీసినట్టు మోగింది. ఇంత చేసినా పాత ఎల్పీలు దాచుకున్నవాళ్లకు నష్టం లేదు. సీడీతోనే ఈ బ్యాండు పరిచయమైనవాళ్లకు మాత్రం ఇదే ఆ ఆల్బమ్. అసలు మిక్స్‌తో 'ట్రేస్ ఓంబ్రెస్' 2006లో సీడీగా వచ్చింది. 1976 నాటి 'తేహాస్' అసలు మిక్స్ కోసం 2013 నాటి బాక్స్ సెట్ దాకా ఆగాల్సి వచ్చింది. పాతికేళ్లకు పైగా ఒక బ్యాండు సొంత గతమే అంగట్లో దొరకలేదన్నమాట. రీఇష్యూ చేయగల హానికి ఇంతకంటే తేటతెల్లమైన రుజువు అక్కర్లేదు.

మారుస్తున్నది సాక్షాత్తూ ఆ కళాకారుడే అయితే? ఈ ప్రశ్న దగ్గర అభిమానులు రెండుగా చీలిపోతారు. ఇగ్గీ పాప్ గాయకుడిగా ఉన్న స్టూజెస్ బ్యాండు ఆల్బమ్ 'రా పవర్' 1973లో వచ్చినప్పుడు దాని మిక్స్ చేసింది డేవిడ్ బోయీ. శబ్దం పల్చగా ఉందన్న ఫిర్యాదు మొదటి నుంచీ ఉంది. 1997లో ఇగ్గీ పాప్ స్వయంగా కూర్చుని మళ్లీ మిక్స్ చేశాడు. అన్నీ ఎర్రగీత దాటేలా పెంచేశాడు. అతి గట్టిగా మోగే రాక్ సీడీలలో ఒకటిగా దానికి ఇప్పటికీ పేరుంది. పాట పాడినవాడికి ఆ హక్కు లేదని ఎవరనగలరు? అదే సమయంలో, తొలి పంక్ (మోటుగా, వేగంగా సాగే రాక్) బ్యాండ్లు విన్నది బోయీ మిక్స్‌నే, దాని పల్చదనాన్ని కూడా ప్రేమించి. 2010లో కంపెనీ బోయీ మిక్స్‌ను తిరిగి తెచ్చింది. ఇప్పుడు రెండూ దొరుకుతున్నాయి, ఎవరికి నచ్చింది వాళ్లు వింటున్నారు. తీర్పు చెప్పాల్సిన అవసరం లేకుండా పోవడమే ఈ వివాదానికి దొరికిన సరైన పరిష్కారం.

బీటిల్స్ 'సార్జంట్ పెప్పర్స్' రీఇష్యూ విషయంలో ఈ పద్ధతినే పాటించారు. 1967లో బ్రిటన్‌లో చాలా ఇళ్లలో ఉన్నవి మోనో ప్లేయర్లే. అందుకే బ్యాండు సభ్యులు దగ్గరుండి శ్రద్ధ పెట్టింది మోనో మిక్స్ మీద. స్టీరియో మిక్స్‌ను నిర్మాత జార్జ్ మార్టిన్, ఇంజినీర్లు తర్వాత త్వరగా ముగించారు. 'షీ ఈజ్ లీవింగ్ హోమ్' మోనోలో కాస్త వేగంగా, కాస్త పై శ్రుతిలో ఉంటుంది, పాత స్టీరియోలో ఈడ్చినట్టు సాగుతుంది. తర్వాతి తరాలు విన్నది ఎక్కువగా ఆ తొందరపాటు స్టీరియోనే. 2017లో జార్జ్ కొడుకు గైల్స్ మార్టిన్, ఇంజినీర్ శామ్ ఓకెల్ కొత్త స్టీరియో మిక్స్ చేసినప్పుడు దారి చూపించింది మోనోనే. ఆ పాట వేగం కూడా మోనోదే తీసుకున్నారు. పెద్ద సెట్టులో పాత మోనో మిక్స్‌ను కూడా ఇచ్చారు. కొత్త మిక్స్ నచ్చనివాళ్లు ఉన్నారు, కానీ తమ నుంచి ఏదో లాక్కున్నారన్న బాధ వాళ్లకు లేదు. పింక్ ఫ్లాయిడ్ నుంచి ఎప్పుడో విడిపోయిన రోజర్ వాటర్స్ 2023లో 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' మొత్తాన్ని ముసలి గొంతుతో, చెబుతున్నట్టు మళ్లీ రికార్డు చేసినప్పుడూ అంతే. విమర్శలు ఘాటుగానే వచ్చాయి. అయితే పేరులోనే 'రీడక్స్' (మళ్లీ చేసినది) అని ఉంది, 1973 నాటి రికార్డు దాని చోటులో అది ఉంది.

చెప్పాల్సింది చెప్పకపోతే ఏమవుతుందో 2022లో అమెరికా కంపెనీ మొబైల్ ఫిడెలిటీ ఉదంతం చూపించింది. అసలు మాస్టర్ టేపు నుంచి రికార్డులు వేస్తామన్న పేరు ఆ సంస్థది. అభిమానులు వాటికి మామూలు రికార్డు ధరకు ఎన్నో రెట్లు పెట్టేవారు. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్'ను 40,000 కాపీలు వేస్తామని ఆ కంపెనీ ప్రకటించడంతో అనుమానం మొదలైంది. వాళ్ల పద్ధతిలో ఒక్కో లక్క పళ్లెం నుంచి వచ్చేది సుమారు వెయ్యి రికార్డులే. అన్ని వేల కాపీలంటే అపురూపమైన ఆ టేపును మళ్లీ మళ్లీ తిప్పాలి. అందుకు ఎవరు ఒప్పుకుంటారు? తీరా అడిగితే, టేపును ముందు డిజిటల్‌లోకి మార్చి అక్కడి నుంచి గాడి చెక్కుతున్నామని, 2011 నుంచి చాలా రికార్డులకు ఇదే జరిగిందని కంపెనీ ఒప్పుకుంది. కొన్నవాళ్లు కోర్టుకెక్కారు, వ్యవహారం 2.5 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. డిజిటల్ తగిలితే ఇట్టే పట్టేస్తామన్నవాళ్లెవరూ పదేళ్లకు పైగా పట్టుకోలేకపోయారు, ఎందుకంటే ఆ రికార్డులు నిజంగానే బాగా మోగుతాయి. అంతమాత్రాన కంపెనీ తప్పు తప్పు కాకుండా పోదు. టేపు నుంచి నేరుగా వచ్చిందని నమ్మి డబ్బు కట్టారు, అది నిజం కాదు.

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి, 50 ఏళ్ల బాక్స్ సెట్లు ఇన్ని రావడానికి ఇంకో కారణం కూడా చెప్పుకోవాలి. 2011లో ఐరోపా సమాఖ్య రికార్డింగుల హక్కును 50 ఏళ్ల నుంచి 70కి పెంచింది. కానీ 50 ఏళ్లలోపు విడుదల చేయని రికార్డింగులకు ఆ పెంపు వర్తించదు. దాంతో 2012 చివర్లో డిలన్ కంపెనీ పాత స్టూడియో టేపులను ఐరోపాలో దాదాపు వంద కాపీలు మాత్రమే వేసి, పేరులోనే కాపీరైట్ పొడిగింపు అని రాసేసింది. 2013 డిసెంబరులో బీటిల్స్ కూడా 1963 నాటి విడుదల కాని రికార్డింగులను డిజిటల్‌గా వదిలారు. కారణం వ్యాపారమే అయినా, లేకపోతే గోదాముల్లోనే మగ్గిపోయే టేపులు వినేవాళ్ల దాకా వచ్చాయి.

మన దేశంలో ఈ వాదనలు కొత్తవేమీ కావు. 80ల చివర, 90లలో పాత హిందీ పాటలకు ఎలక్ట్రానిక్ డ్రమ్స్ కలిపి 'ఝంకార్ బీట్స్' పేరుతో వచ్చిన క్యాసెట్లు తెలుగు ఊళ్ల బస్సుల్లో, పాన్‌షాపుల్లో కూడా మోగాయి. జీజీ టాప్ సీడీలకు జరిగిందీ ఇదే. ఒక్క తేడా ఏమిటంటే ఝంకార్ అన్న మాట క్యాసెట్ మీదే ఉండేది. ఇష్టమైనవాళ్లు కొనుక్కున్నారు, ఇష్టం లేనివాళ్లు పాత క్యాసెట్ అడిగి తీసుకున్నారు.

కవర్ల విషయంలో మన చట్టం ఈ మాటను రాతపూర్వకంగా అడుగుతుంది. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో చేరిన 31సి సెక్షన్ ప్రకారం, పాట మొదట రికార్డయిన సంవత్సరం ముగిశాక అయిదేళ్లు దాటితేనే కవర్ చేయాలి, ఏడాదికి కనీసం 50,000 కాపీలకు రాయల్టీ కట్టాలి. అంతకంటే ఆసక్తికరమైనది లేబుల్ నిబంధన. ఇది కవర్ వెర్షన్ అని అట్ట మీద రాయాలి. మొదట పాడినవాళ్ల పేరు గానీ బొమ్మ గానీ వేసి జనాన్ని తికమక పెట్టకూడదు.

రీఇష్యూల గురించి ఆ సెక్షన్‌లో ఒక్క మాట లేదు. హక్కు కంపెనీదే కాబట్టి, తన రికార్డును తాను ఎంత మార్చినా పాత పేరుతోనే అమ్ముకోవచ్చు. బీటిల్స్ 'రబ్బర్ సోల్'నే తీసుకోండి. 1987లో సీడీ వేయడానికి ముందు జార్జ్ మార్టిన్ దాని స్టీరియోను మళ్లీ మిక్స్ చేశాడు. 2009లో రీమాస్టర్ చేసింది ఆ మిక్స్‌నే. 1965 నాటి స్టీరియో మిక్స్ కావాలంటే, దాన్ని కూడా చేర్చిన మోనో బాక్స్ సెట్ కొనాలి. స్ట్రీమింగ్ యాప్‌లో పాట పక్కన 2009 అని కనిపిస్తుంది, మిక్స్ మారిందన్న ముక్క ఎక్కడా ఉండదు. అభిమానులు అడుగుతున్నది ఆ ముక్కే: ఏ టేపు నుంచి తీశారు, మిక్స్ ఏ ఏడాదిది, మధ్యలో డిజిటల్ దశ ఉందా, వాయించినవాళ్లు మొదటివాళ్లేనా. ఇదేమీ అసాధ్యమైన కోరిక కాదు. 2022 గొడవ తర్వాత మొబైల్ ఫిడెలిటీ తన ప్రతి రికార్డు వివరాల కింద, టేపు నుంచి గాడి దాకా ఏయే దశలు దాటిందో ఒక్క వరుసలో రాస్తోంది.